ఒకే పౌలు, రెండు పంక్తులు

1609. మదురై. ఎండ ఇంకా ఎక్కలేదు. మీరు మీనాక్షి గుడి దక్షిణ గోపురం కింద నిలబడి ఉన్నారు. అది కట్టి యాభై ఏళ్ళే అయింది. పూలమ్మే ఆమె తమిళంలో బేరమాడుతోంది. గుర్రం దిగి దండ కొంటున్న రౌతు మాత్రం పక్కవాడితో తెలుగులో ఏదో అని నవ్వుతున్నాడు. విజయనగర రాయల తరఫున విశ్వనాథ నాయకుడు 1529లో ఇక్కడ గద్దె ఎక్కాడు. ఆయన వెంట దండులతో, ఎడ్లబండ్లతో దిగిన తెలుగు కుటుంబాలు మదురై చుట్టూ, కొంగునాడు దాకా ఊళ్ళు కట్టుకున్నాయి. ఊరివాళ్ళు వాళ్ళని వడుగులంటారు. మీరు నోరు విప్పితే మిమ్మల్నీ అంతే అంటారు. ఈ ఏడే ముత్తు వీరప్ప నాయకుడు అధికారానికి వచ్చాడు. కోటలో వినబడే మాట తెలుగే.

మీరు వచ్చింది ఒక సన్న్యాసిని చూడడానికి. రోమాపురి నుంచి వచ్చిన రాచబిడ్డ అని, మాంసం ముట్టడని, రోజుకి ఒక్క పూటే తింటాడని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. పెద్ద కులాల వాళ్ళుండే వీధిలో చిన్న ఇల్లు. గుమ్మంలో శిష్యుడు అడ్డం వచ్చి, అయ్యగారు ధ్యానంలో ఉన్నారు, కాసేపాగి రండి అంటాడు. ఎవరొచ్చినా మొదట దొరికే జవాబు అదే. మళ్ళీ వెళ్తే లోపలికి పిలుస్తారు.

ముప్ఫై రెండేళ్ళ మనిషి. కాషాయం, పావుకోళ్ళు, పక్కన దండం, కమండలం. నుదుట గంధం. జంధ్యాన్ని కొంచెం వంగి చూడండి. పోగులు ఐదు. మూడు బంగారువి, రెండు తెల్లవి. కిందికి చిన్న సిలువ వేలాడుతోంది. మూడు పోగులు త్రిత్వానికి, మిగిలిన రెండూ క్రీస్తు దేహానికీ ఆత్మకూ గుర్తులని ఆయన చెప్పే అర్థం. పేరు రాబర్ట్ డి నొబిలి, యేసుసభ గురువు. తత్త్వబోధకుడని పిలిపించుకుంటాడు.

ఎదురుగా తాటాకులు ముందేసుకుని కూర్చున్నాయన శివధర్మ, తెలుగు బ్రాహ్మణుడు. నొబిలికి సంస్కృతం నేర్పుతున్నది ఈయనే. పరదేశికి వేదభాష నేర్పినట్టు బయటికి పొక్కితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు, గొంతులు పెంచరు. తమిళం అప్పటికే పట్టుబడింది. తెలుగు కూడా నేర్చుకుంటాడు. ఈ ఊరి పాలకులతో మాట్లాడాలంటే తెలుగు లేకుండా కుదరదు. ఈ ఏడాదే శివధర్మ బాప్తిస్మం పుచ్చుకుని బోనిఫాస్ అవుతాడు. పిలకా జంధ్యమూ తీయడు. తీయమని గురువు అడగడు.

మధ్యాహ్నం బ్రాహ్మణ వంటవాడు ఆకు వేస్తాడు. అన్నం, ఆకుకూర, కాసిని పాలు. ఆకు ముందు నొబిలి ఒక్కడే కూర్చుంటాడు. మీరు బయట అరుగు మీదే.

ఈ వేషమూ ఈ తిండీ ఆయనకి సరదాకి తట్టినవి కావు. 1606 నవంబరులో మదురైలో అడుగుపెట్టినప్పుడు నల్లంగీతోనే వచ్చాడు. అప్పటికి పదకొండేళ్ళుగా ఇక్కడ ఒక పోర్చుగీసు గురువు పనిచేస్తున్నాడు. బడి నడుపుతున్నాడు, మందులిస్తున్నాడు. అయినా ఊరివాళ్ళలో ఆయన మాట మీద క్రైస్తవులైన వాళ్ళు లేరు. కారణం తెలుసుకోవడానికి నొబిలికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఊరి లెక్కలో పోర్చుగీసు వాళ్ళు పరంగులు: గొడ్డుమాంసం తినేవాళ్ళు, సారా తాగేవాళ్ళు, స్నానం లేనివాళ్ళు. క్రైస్తవుడవడమంటే పరంగుల కులంలో కలవడమే. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు అడిగే ప్రశ్నే అలా ఉండేది: పరంగుల కులంలోకి వస్తావా? ఆ మాటకి ఏ మనిషి తలూపుతాడు?

అప్పుడు ఆయన పౌలు దగ్గరికి వెళ్ళాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, తొమ్మిదో అధ్యాయం. యూదులతో యూదుడిలా, ధర్మశాస్త్రం లేనివారితో లేనివాడిలా, ఎలాగైనా కొందరిని రక్షించడానికి అందరితో అందరిలా అయ్యానని అపొస్తలుడు చెప్పుకున్న చోటు. దాని వెనక ఇంకా పెద్ద ఆధారం: వాక్యమే శరీరధారి అయి మన మధ్య నివసించిందన్న యోహాను సాక్ష్యం. దేవుడే మనిషి వేషం వేసుకుని వస్తే, మనిషి సాటి మనిషి దగ్గరికి వెళ్ళడానికి అంగీ మార్చుకోలేడా? పావుకోళ్ళు తొడుక్కోవచ్చా, గంధం పెట్టుకోవచ్చా, పొద్దున్నే స్నానం చేయకపోతే ఏమవుతుంది, వంట ఎవరు చేయాలి. ఇలాంటి ప్రతి చిన్న ప్రశ్ననీ ఆయన ఆ అధ్యాయం ముందుకి తీసుకెళ్ళాడు. నేను ఆయన్ని గౌరవించేది ఇందుకే. వాక్యాన్ని గుడి గడప దాటించి వంటింట్లోకీ బట్టల పెట్టెలోకీ తెచ్చుకున్న మనిషి. బడి పంతులు ఒకాయన రోజుల తరబడి ఆయనతో వాదించి, చివరికి మనసు మారి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత మరికొందరు. ఎరుమైచెట్టి అనే నాయక సర్దారు అండగా నిలిచాడు.

ఇప్పుడు అరుగు దిగి, ఊళ్ళోనే ఉన్న ఆ పోర్చుగీసు గురువు ఇంటికి నడవండి. ఇక్కడ గుమ్మంలో ఎవరూ ఆపరు. కోస్తా నుంచి ముత్యాలు, ఎండుచేపలు తెచ్చి అమ్ముకునే పరవ క్రైస్తవులు ఆగే చోటిది. జ్వరం వచ్చినవాళ్ళు మందు కోసం కూర్చునే చోటు. నల్లంగీలో ఉన్న ముసలాయన గొన్సాలో ఫెర్నాండెజ్. దగ్గర దగ్గర డెబ్భై ఏళ్ళు. ఒకప్పుడు సైనికుడు. చదువు తక్కువ. పదునాలుగేళ్ళుగా ఈ ఊళ్ళోనే పనిచేస్తున్నాడు. ఇప్పుడు సాటి గురువు తన ఇంటికి పగలు రాడు. వస్తే చీకటి పడ్డాకే. తనతో కలిసి తినడు. తన గుడిలో పూజ చేయడు. తాను పరంగిని కానని, తాను బోధించేది పరంగుల మతం కాదని ఊరికి చాటుకుంటాడు.

ఈ కథ చెప్పే పుస్తకాల్లో ఫెర్నాండెజ్ తరచుగా అసూయపరుడైన ముసలివాడిగా కనిపిస్తాడు. నాకలా అనిపించదు. 1610 మేలో ఆయన రోముకి, యేసుసభ పెద్దకి ఒక ఫిర్యాదు రాశాడు. ఆయన భుజం మీదుగా తొంగి చూడండి. జంధ్యం, గంధం, స్నానాలు, పేరు మార్పు, అన్నీ వరసపెట్టి ఉన్నాయి. వాటన్నిటి వెనక ఒక్క బాధ ఉంది. ఒక ఊళ్ళో ఇద్దరు గురువులు, రెండు గుళ్ళు, రెండు సమాజాలు. ఒకరి గుడిలోవాళ్ళు ఇంకొకరి గుడిలోవాళ్ళతో కలవరు. తన గుడిలో ఉన్న పరవలు తక్కువవాళ్ళయ్యారు. ప్రభువు ఒక్కడే కదా మరి?

ఆ ఫిర్యాదు చదివితే నాకు అంతియొకయ కళ్ళముందుకొస్తుంది. మీరూ రండి, అక్కడ కూడా పంక్తిలో చోటుంది. సిరియాలో పెద్ద ఊరు, మొదటి శతాబ్దం నడుమ. యూదులూ అన్యజనులూ ఒకే చోట కూర్చుని తింటున్నారు. వాళ్ళ మధ్యలో పేతురు. సున్నతి లేనివాళ్ళ పక్కన కూర్చుని తినడం ఆయనకి ఒకప్పుడు ప్రాణం పోయినంత పని. యొప్పేలో మిద్దె మీద చూసిన దర్శనం తర్వాతే అలవాటైంది. అంతలో యాకోబు దగ్గర నుంచి కొందరు దిగారు. పేతురు మెల్లగా లేచాడు. ఎవర్నీ తిట్టలేదు, ఏ సిద్ధాంతమూ మార్చలేదు. పంక్తిలోంచి లేచాడు, అంతే. పెద్దాయన లేవడం చూసి మిగతా యూదులూ లేచారు. చివరికి బర్నబా కూడా లేచాడు. పౌలు అందరి ముందూ పేతురు మొహం మీదే తప్పు పట్టాడు. గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం.

బర్నబా దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను. మంచివాడు. పొలం అమ్మిన డబ్బు తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టినవాడు. పౌలుని ఎవరూ నమ్మని రోజుల్లో చేయి పట్టుకుని సంఘంలోకి తీసుకొచ్చినవాడు. అంతటివాడు కూడా పేతురు లేచాడు కాబట్టి లేచాడు. పెద్దవాళ్ళు బల్ల మీద నిలబడి చేసే ప్రసంగం కంటే, విస్తరి దగ్గర చేసే చిన్న కదలికే మంది మీద ఎక్కువ పనిచేస్తుంది. ఇంట్లో తండ్రి, సంఘంలో పాస్టరు, ఆఫీసులో పైఅధికారి, ఎవరైనా ఇంతే. పనిమనిషి గ్లాసు వేరే పెట్టమని ఏ తల్లీ బిడ్డలకి పాఠం చెప్పదు. బిడ్డలు చూసి నేర్చుకుంటారు.

మదురైలో జరిగింది ఇది: నొబిలి చేతిలో ఉన్నదీ పౌలే, ఫెర్నాండెజ్ బాధకి ఆధారమైనదీ పౌలే. ఎవరి దగ్గరికి వెళ్తున్నాను అని అడిగేది కొరింథీ పత్రిక. వెళ్తూ ఎవర్ని వెనక వదిలేస్తున్నాను అని అడిగేది గలతీ పత్రిక. నొబిలి మొదటి ప్రశ్నకి ప్రాణం పెట్టి జవాబిచ్చాడు. రెండోదానికి ఆయన దగ్గర ఉన్న జవాబు చాలలేదు. ఆకు ముందు ఒక్కడే కూర్చున్న మనిషిని చూశారు కదా. ఆ ఒంటరితనం ఆయన మోసిన సిలువ అని కొందరంటారు, కాదనను. కానీ దాని బరువు పంచుకున్నది పరవలూ, వాళ్ళకంటే కింద ఉంచబడ్డవాళ్ళూ.

విచారణ పుష్కరం పాటు సాగింది. ఈ మధ్యలో ఒక్క ఘట్టం చెప్పకుండా పోలేను. రోములో కార్డినల్ బెల్లార్మిన్, నొబిలి బంధువు, గొప్ప పండితుడు. ఫిర్యాదు విని ముందు మందలిస్తూ ఉత్తరం రాశాడు. తర్వాత నొబిలి పంపిన వివరణ చదివి, తన అభిప్రాయం మార్చుకుని ఆయన పక్షాన నిలబడ్డాడు. ఆ హోదాలో ఉన్న మనిషి, ముందు అన్నమాట వెనక్కి తీసుకోవడం ఎంత అరుదో మనకి తెలుసు. నింద పడ్డవాడి మాట కూడా వినేదాకా తీర్పు చెప్పకూడదని సామెతల గ్రంథం నేర్పే పాఠం, ఆలస్యంగానైనా, అక్కడ అమలైంది.

1623 జనవరి 31న పోప్ గ్రెగరీ పదిహేనవ శాసనం వచ్చింది. పిలక, జంధ్యం, గంధం, స్నానాలు ఉంచుకోవచ్చు, వాటిలో మూఢనమ్మకం లేకుండా చూసుకుంటే చాలు. అందరూ గుర్తుపెట్టుకున్నది ఈ భాగం. చివర ఇంకో భాగం ఉంది. పెద్ద కులాల నుంచి వచ్చిన క్రైస్తవులని పోప్ బతిమాలాడు: పుట్టుకలో తక్కువవాళ్ళని చిన్నచూపు చూడొద్దు, ముఖ్యంగా దేవుని ఇంట్లో, వాక్యం వినే చోట, సంస్కారాలు అందుకునే చోట. అనుమతిని వెంటనే అమలు చేశారు. బతిమాలింది కాయితం మీద ఉండిపోయింది.

ఇక 1640 తర్వాత ఒక రాత్రి. నొబిలి బతికే ఉన్నాడు, చూపు తగ్గుతోంది. ఊరి బయట పరయ వాడలో ఒకడు చావుబతుకుల్లో ఉన్నాడు. మీరు కాగడా పట్టుకుని దారి చూపిస్తున్నారు. బ్రాహ్మణ సన్న్యాసి వేషంలో ఉన్న గురువు ఈ వాడకి పగలు రాలేడు, వస్తే రేపు పెద్ద వీధిలో ఆయన గడప ఎవరూ తొక్కరు. అందుకే మిషన్ ఇంకో రకం గురువుల్ని పెట్టింది. పండారస్వాములు. 1640లో బల్తజార్ ద కోస్తా ఆ వేషం మొదలుపెట్టాడు. కింది కులాల మధ్య తిరగొచ్చు, పైవాళ్ళూ పూర్తిగా వెలేయరు. మంచి ఉపాయమే. దాని వల్ల వేలమందికి వాక్యం అందింది. కానీ దారి మధ్యలో కాగడా వెలుగులో ఒక సంగతి మీకు కనబడుతుంది: ఇప్పుడు గురువులకీ కులాలొచ్చాయి. 1704లో పుదుచ్చేరి నుంచి పోప్ ప్రతినిధి టూర్నో, రోగాన పడ్డ పరయ క్రైస్తవుల ఇళ్ళకి గురువులు స్వయంగా వెళ్ళి తీరాలని ఆజ్ఞ జారీచేయాల్సి వచ్చింది. దాని మీద నలభై ఏళ్ళు తగువు నడిచింది. ప్రాణం పోతున్న మనిషి గడప దాటడానికి ఆజ్ఞ కావలసి వచ్చిందంటే, అంతియొకయలో పేతురు లేచిన ఆ చిన్న కదలిక ఎంత దూరం పోయిందో చూడండి. తిరునెల్వేలి వైపు వడక్కన్‌కుళంలో గుడిలోనే నడుమ గోడ ఉండేది. అది 1910లో గానీ కూలలేదు.

నొబిలి 1656 జనవరి 16న మైలాపూరులో కన్నుమూశాడు. చివరి దాకా అదే కాషాయం, అదే ఒక్క పూట. ఆయన చిత్తశుద్ధిని ఈ కథలో ఎక్కడా శంకించలేం.

1847. మళ్ళీ మదురైయే. నాయక రాజులు లేరు, కుంఫిణీ దొరలున్నారు. అమెరికన్ మిషన్ వచ్చి పదమూడేళ్ళయింది. ఈసారి మీరు పంక్తిలోనే కూర్చున్నారు. దీనికి ప్రేమవిందని పేరు. వరసలో ఉపదేశకులు, బడి పంతుళ్ళు. కూర వాసన వస్తోంది, ఆకలిగా ఉంది. వండింది ఎవరో అందరికీ తెలుసు. అంటరాని కులం మనిషి. ఈ భోజనం తిన్నవాళ్ళే సంఘంలో ఉంటారని మిషన్ ఆ ఏడు తీర్మానించింది. మీ పక్కాయన చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. అటు చూస్తే దొర, ఇటు చూస్తే తన చుట్టాలు. తింటే ఇంటికెళ్ళాక భార్య తరఫువాళ్ళు గడప తొక్కనివ్వరు. తినకపోతే జీతం పోతుంది. చాలామంది లేచి వెళ్ళిపోయారు. ఉద్యోగాలూ సంఘ సభ్యత్వమూ పోగొట్టుకున్నారు.

గలతీ పత్రికని ఇంత సూటిగా అమలుచేసిన వాళ్ళు అంతకు ముందు ఈ ఊళ్ళో లేరు. వాళ్ళు అడిగింది న్యాయం. అయినా ఆ పంక్తిలో కూర్చుంటే నాకు ముద్ద దిగదు. విస్తరి మీద అన్నంతో పాటు జీతం కూడా వడ్డించారు. యోహాను సువార్త పదమూడో అధ్యాయంలో ప్రభువు శిష్యులకి పరీక్ష పెట్టలేదు. ఎవరు ఎవరి కాళ్ళు కడుగుతారో చూద్దామనలేదు. తనే లేచి, పైవస్త్రం తీసి, తువాలు నడుముకి చుట్టుకుని, నీళ్ళ పళ్ళెం పట్టుకుని కింద కూర్చున్నాడు. మేడ మీద నుంచి దిగి ఆ వండినామె పక్కన కూర్చుని, ఆమె ఇంట్లో, ఆమె కుండలోది, రోజూ తిన్న దొరలు ఎంతమంది? నాయకుడు తను ముందు చేయని పనిని పరీక్షగా పెడితే, అది లొంగదీయగలదు గానీ మనసుని కడగలేదు.

మదురైలోనే అరసరడిలో తమిళనాడు థియలాజికల్ సెమినరీ ఉంది. అక్కడ పాఠం చెప్పిన థియోఫిలస్ అప్పావు ఈ ముడిని ఇంకో వైపు నుంచి విప్పాడు. 2005లో చనిపోయాడు. పరట్టై అన్న అని పిల్లలు పిలుచుకునేవాళ్ళు. దళితుడు, పాటగాడు. గుళ్ళోకి రానివ్వని పరై డప్పుని ఆరాధన మధ్యలోకి తెచ్చాడు. అందరూ తెచ్చినది ఒకే కుండలో వండి, ఒకచోట కూర్చుని తినడమే ప్రభు భోజనమని పాట కట్టి నేర్పాడు. ఆయన వచ్చినవాళ్ళని పంక్తిలో కూర్చోబెట్టి పరీక్షించలేదు. పొయ్యి దగ్గర తను కూర్చున్నాడు, పక్కన చోటుంచాడు.

ఇక కొండల పక్కన ఎర్రనేలల్లోంచి కోయంబత్తూరుకి. బస్సు పీలమేడులో దిగండి. ఇక్కడ పెద్ద ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు. నాయకుల కాలంలో వచ్చి, పత్తి పండించి, తర్వాత మిల్లులు కట్టిన కమ్మవారు. పి.ఎస్. గోవిందస్వామి నాయుడి కొడుకులు నలుగురు 1926లో ఆస్తిని ఐదు పాళ్ళు వేసి, ఐదో పాలు ధర్మానికి రాసిచ్చారు. ఈ రోడ్డు పొడుగునా ఉన్న కాలేజీలు, ఆసుపత్రి దాని ఫలమే. వాళ్ళు క్రైస్తవులు కారు. అయినా జక్కయ్య కథ చెప్పేటప్పుడు ఈ ఐదో పాలు గుర్తుకు రాకుండా ఉండదు.

ఊరికి ఇంకో కొసన కూడా ఇంట్లో తెలుగు మాట్లాడే వాళ్ళున్నారు. అరుంధతీయులు. వీధులు ఊడ్చేదీ, చెత్త ఎత్తేదీ, మురుగు తీసేదీ చాలావరకు వాళ్ళే, మదురైలోనూ ఇంతే. ఎస్సీ కోటాలో వాళ్ళకి తమిళనాడు 2009లో 3 శాతం విడిగా ఇచ్చింది, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. కొంగునాడు టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. 2019 డిసెంబరు 2 తెల్లవారుజామున మేట్టుపాళయం నడూరులో వానకి ఎత్తైన ప్రహరీ గోడ వాళ్ళ ఇళ్ళ మీద పడి 17 మంది చనిపోయారు. తమని వేరుచేయడానికి కట్టిన గోడ అని ఆ వీధివాళ్ళు చెప్పారు. ద్వేషపు అడ్డుగోడని ప్రభువు తన శరీరంతో కూల్చాడని ఎఫెసీ పత్రికలో చదువుకునేవాళ్ళం, ఆ మట్టి ముందు నిలబడి ఒకసారి చదవాలి.

ఈ కాలనీల్లో ఒకదాంట్లో ఆదివారం సాయంత్రం మీరు ప్రార్థన కూడికలో కూర్చున్నారనుకోండి. ఇరుకు సందు, రెండు చాపలు, ఒక బల్బు. ఒళ్ళో ఉన్న వేదపుస్తకం తమిళం. మాట తెలుగు. ప్రార్థన నడిపే పెద్దాయన మేస్త్రీ కూడా. తెల్లారి ఎవరు ఏ వీధికి, ఎవరు ఏ గుంతకి అని పంపేది ఆయనే. ఇవాళ రెండో సమూయేలు గ్రంథం, ఇరవై మూడో అధ్యాయం. తమిళంలో చదివి, పిల్లలకి తన తెలుగులో చెబుతున్నాడు.

"దావీదు గుహలో దాక్కోని ఉండాడు. ఊరంతా శత్రువుల చేతిలో ఉండాది. దప్పికయింది. మా ఊరి బావి నీళ్ళు ఎవరన్నా ఇస్తే బాగుండునే అని ఊరికే అన్నాడు. తెమ్మని చెప్పలే. ముగ్గురు మొగోళ్ళు శత్రువుల మద్దెలో దూరి పోయి తెచ్చేసినారు. ఆయన తాగలే. దేవునికని నేల మింద పోసేసినాడు."

ఎనిమిదేళ్ళ పిల్లకి కోపం వస్తుంది. "ఏంటికి తాతా పోసేసినాడు? పాపం వాండ్లు అంత దూరం పోయి తెచ్చింది కదా?"

"వాండ్ల పానం పణంగా పెట్టి తెచ్చినారు గదమ్మా. అది నీళ్ళు గాదు, నెత్తురు. నా దప్పిక కోసరం ఇంకొకరు చావుకి పోగూడదు అన్నాడు. రాజంటే అట్లుండాల."

ఆ గుహలో దావీదు ఆజ్ఞ ఇవ్వలేదన్నది గమనించారా? ఊరికే ఒక కోరిక బయటపెట్టాడు. పైనున్నవాడి నోటి నుంచి వచ్చిన చిన్న కోరిక, కిందివాడికి ఆజ్ఞ అయిపోతుంది. తను ఆజ్ఞ ఇవ్వలేదు కదా అని దావీదు తప్పించుకోలేదు. ఈ ఇరుకు సందులో ఆ మాట ఎంత దగ్గరగా తగులుతుందో చుట్టూ చూస్తే తెలుస్తుంది. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగు తొట్టిలోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. ఆజ్ఞ ఎవరూ రాసివ్వరు. అడుగుతారు, అంతే.

మేస్త్రీ ఫోను మోగుతుంది. అవతల సూపర్వైజరు. ఒక అపార్ట్‌మెంటులో తొట్టి నిండి పొంగుతోంది, ఒకర్నో ఇద్దర్నో పంపించు, చేతికి వెయ్యి ఎక్కువిప్పిస్తా, అరగంట పని. వెయ్యి అంటే ఈ సందులో వారం రోజుల కూరగాయలు. చాప మీద కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ళు అప్పుడే తలెత్తారు, వెళ్ళమంటే వెళ్ళేటట్టే ఉన్నారు. పెద్దాయన ఒక్క మాట అంటే చాలు.

"మిషను పంపించండి సార్," అంటాడు పెద్దాయన తమిళంలో, గౌరవంగానే. "మా వాళ్ళు దిగరు. నేను పంపించను."

అవతల గొంతు పెరుగుతుంది. ఈయన గొంతు పెరగదు. అదే మాట ఇంకోసారి చెప్పి ఫోను కింద పెడతాడు. కుర్రాళ్ళలో ఒకడు, "మామా, వెయ్యి రూపాయలు" అంటాడు.

"తెలుసురా. ఈ నెల నీ చీటీ డబ్బు నేను కడతాను, వచ్చే నెల ఇద్దువు," అని, పక్కనున్న కోడలి వైపు తిరుగుతాడు. "అమ్మా, నోట్‌బుక్కులో రాయి. తేదీ, టైము, ఏ అపార్ట్‌మెంటు, ఎవరు అడిగినారు, ఏమన్నారు. రేపు కార్పొరేషన్ ఆఫీసులో ఇచ్చేయాల. రాసేసి టీ పెట్టు, అందరికీ."